చప్పట్లకు ముందు కాగితం అడగండి

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకుంటుందన్న మాట ఇందూరు (నిజామాబాద్) జిల్లాలో ఇంకోసారి తిరుగుతోంది. శక్కర్‌నగర్‌లో వింటున్నారు, ఎడపల్లిలో వింటున్నారు, డిచ్‌పల్లి చౌరస్తాలో చాయ్ తాగుతూ వింటున్నారు. తెరుచుకుంటే సంతోషించని మనిషి ఈ జిల్లాలో ఉండడు. ఈ సంపాదకీయం ఆ సంతోషానికి అడ్డం పడటానికి రాయడం లేదు. కానీ మాట విన్న రోజే చెరుకు ముక్క నాటాలని ఎవరన్నా అనుకుంటే ఆగండి. వాటా పేరు చెప్పి తెల్లకాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి. వేదిక మీద ప్రకటన వినగానే సంఘం పని అయిపోయిందని ఇళ్లకు పోకండి. గత పాతికేళ్లలో మనం పోగొట్టుకున్నది ఎక్కువగా ఆ మూడో పని వల్లనే.

ఈ ఫ్యాక్టరీ కథ కొత్త తరానికి సగమే తెలుసు. మంజీరా మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. నీళ్లు వచ్చాక చెరుకు వచ్చింది, చెరుకు వెనకాలే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. సొంత వ్యవసాయ క్షేత్రాలు, క్వార్టర్లు, బడి, దవాఖానా కలిసి శక్కర్‌నగర్ అనే ఊరే లేచింది. రాజ్యం మారినా, రాష్ట్రాలు మారినా అది సర్కారు సొత్తుగానే నడిచింది. కార్మికుడు దాన్ని తనదే అనుకున్నాడు. కాగితాల్లో అది ఎప్పుడూ కార్మికుడిది కాదు, రైతుది కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

1990ల చివర్లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆర్థిక సంస్కరణలు చేపట్టింది. ప్రభుత్వ సంస్థలను మూయడానికో అమ్మడానికో వేరే సచివాలయం పెట్టారు. దానికి బ్రిటన్ సర్కారు సాయ నిధులు వచ్చాయి. ప్రైవేటీకరణ సలహాలే వృత్తిగా పెట్టుకున్న లండన్‌లోని ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్ మనుషులు వచ్చి కూర్చున్నారు. ఆ గాలిలోనే 2002లో బోధన్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ జిల్లా ముంబోజిపల్లి యూనిట్లు ఉమ్మడి కంపెనీ చేతికి వెళ్లాయి. నిజాం దక్కన్ షుగర్స్ అని దాని పేరు. ప్రైవేటు వారికి 51 శాతం, ప్రభుత్వానికి 49 శాతం.

నలభై తొమ్మిది శాతమంటే చిన్న వాటా కాదు. ఏ కంపెనీలోనైనా అంత వాటా ఉన్నవాడిని అడగకుండా గేటు దగ్గర చెట్టు కొట్టరు. మరి మన తరఫున ఆ వాటా పట్టుకున్నవాళ్లు బోర్డు సమావేశాల్లో ఏం మాట్లాడారు? అప్పులు తెచ్చేటప్పుడు ఏం రాశారు, ఏం రాయలేదు? ఈ లెక్క ఒక్క ఏడాదైనా బోధన్ నడిబజారులో చదివి వినిపించలేదు. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో శాసనసభా సంఘం ఈ అమ్మకాన్ని పరిశీలించి తప్పుపట్టింది. ఆ నివేదిక అసెంబ్లీ లైబ్రరీకి వెళ్లింది, ఫ్యాక్టరీ ప్రైవేటు చేతిలోనే ఉండిపోయింది. 2015 డిసెంబర్‌లో మూడు యూనిట్లకూ లే-ఆఫ్ పెట్టారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. వాటా మనదే, మాట మాత్రం మనది కాలేదు.

ఇది బోధన్‌కే పట్టిన గ్రహచారం అనుకుంటే పొరపాటు. సరిగ్గా ఇదే వరసలో, ఇంతకు పదేళ్ల ముందు, దేశాలకు దేశాలే ఇలా చేతులు మారాయి.

1989లో తూర్పు యూరప్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలాయి. చెకోస్లొవేకియాలో జైలు నుంచి వచ్చిన నాటక రచయిత వాక్లావ్ హావెల్ రాష్ట్రపతి అయ్యాడు. ఫ్యాక్టరీలన్నీ సర్కారువి, వాటిని ఎవరికివ్వాలన్నది ప్రశ్న. ఆర్థిక మంత్రి వాక్లావ్ క్లౌస్ దగ్గర జవాబు రెడీగా ఉంది: ప్రతి పౌరుడికీ కూపన్ల పుస్తకం ఇద్దాం, నామమాత్రపు ధరకు కొనుక్కుని ఇష్టమైన కంపెనీ వాటాలకు పెట్టుకుంటారు, దేశమంతా వాటాదారులవుతుంది. 1992లో లక్షల మంది కొన్నారు. విక్టర్ కొజెనీ అనే కుర్రాడు హార్వర్డ్ పేరు తగిలించి ఒక ఫండ్ పెట్టాడు. కూపన్లు నాకిస్తే ఏడాదికి పదింతలు ఇస్తానని టీవీల్లో చెప్పాడు. ఆ పేరున్న విశ్వవిద్యాలయానికీ ఆ ఫండ్‌కూ సంబంధం లేదు. జనం ఇచ్చారు. తర్వాత అతను బహామాస్‌లో తేలాడు. సొంతదేశపు కోర్టు అతను లేకుండానే శిక్ష వేసింది. ఇంకా చాలా కంపెనీల్లో లోపలి మనుషులే ఆస్తిని బయటి ఖాతాల్లోకి తరలించారు. పైకి కంపెనీ నిలబడే ఉంది, లోపల ఏమీ మిగల్లేదు. కూపన్ ఉన్నవాడు వాటాదారుడే, కాగితం మీద.

ఈ దొంగతనం గురించి చాలామంది రాశారు. మనకు పనికొచ్చేది దాని చుట్టూ నడిచిన వాదం. హావెల్, క్లౌస్ ఇద్దరూ కమ్యూనిజం వద్దన్నవాళ్లే, ఇద్దరూ మార్కెట్‌కు ఒప్పుకున్నవాళ్లే. తేడా ఒక్కచోట. క్లౌస్ దృష్టిలో ఎన్నికలున్నాయి, పార్టీలున్నాయి, మార్కెట్ ఉంది, ఇక చాలు. మధ్యలో సంఘాలు, వేదికలు దేనికి? హావెల్ ఒప్పుకోలేదు. రెండు ఎన్నికల మధ్య పౌరుడు ఖాళీగా కూర్చుంటే చట్టం కాగితంగానే మిగిలిపోతుందని అతని పట్టు. 1994లో ఇద్దరూ దీని మీద బహిరంగంగా వాదించుకున్నారు. 1997 చివర్లో పార్టీ నిధుల గొడవలో, అప్పటికి ప్రధాని అయిన క్లౌస్ ప్రభుత్వం దిగిపోయింది. ఆ డిసెంబర్‌లోనే హావెల్ పార్లమెంటు ముందు నిలబడి, చట్టాలకన్నా అమ్మకాలు ముందు పరుగెత్తాయని కడిగేశాడు. అప్పటికి అమ్మాల్సినవి చాలావరకు అమ్మేశారు. హావెల్ సరిగ్గానే చెప్పాడు, ఆలస్యంగా చెప్పాడు. రాష్ట్రపతి కుర్చీలో ఉన్నప్పటికీ ఆపలేకపోయాడు. పెద్దమనిషి మంచివాడైతే అన్నీ సర్దుకుంటాయనే మన నమ్మకానికి ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

రష్యా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1992లో తలా పదివేల రూబుళ్ల వోచర్ పంచారు. ధరలు భగ్గుమంటుంటే కొందరు దాన్ని వోడ్కాకు అమ్ముకున్నారు. 1995లో అప్పుల పేరు మీద నికెల్, చమురు కంపెనీలు గుప్పెడు మంది చేతికి పోయాయి.

పోలండ్ దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే అక్కడ చక్కెర ఉంది. బీట్ దుంప చక్కెర. అక్కడా సర్కారు మిల్లులను విదేశీ కంపెనీలు కొన్నాయి. జర్మన్ కంపెనీలు పెద్ద వాటా పట్టాయి. మిగిలిన మిల్లుల విషయంలో రైతులు, కార్మికులు, పార్లమెంటు సభ్యులు ఏళ్ల తరబడి కొట్లాడారు. చివరికి వాటిని ఒక్కటి చేసి తోరున్ నగరం కేంద్రంగా జాతీయ చక్కెర కంపెనీ పెట్టారు. ఏ ఏడాదిలో? 2002లో. మన బోధన్ చేయి దాటిన ఏడాదే. ఆ కంపెనీ వాటాలను దుంప రైతులకూ ఉద్యోగులకూ ఇవ్వాలన్న ప్రయత్నం తర్వాత జరిగింది, పూర్తి కాలేదు. అంటే అక్కడ స్వర్గం ఏమీ దిగి రాలేదు. సర్కారు క్షేత్రాలు మూసేసినప్పుడు అక్కడి కూలీలు ఏళ్ల తరబడి పని లేకుండా మిగిలిపోయారు కూడా. కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఎదురు నిలిచిన కార్మిక ఉద్యమం పుట్టిన గ్డాన్స్క్ ఓడల కర్మాగారమే 1996లో దివాలా తీసింది. అయినా చక్కెర మిల్లు దగ్గరికి వచ్చేసరికి, దుంప పండించేవాడి మాట వినకుండా నిర్ణయం చేయలేని పరిస్థితి అక్కడ తెచ్చుకున్నారు. మనం తెచ్చుకోలేదు. తేడా తెలివిలో లేదు. అక్కడి రైతు సంఘాలు బేరం జరిగేటప్పుడు గదిలో ఉన్నాయి. మనవి గేటు బయట టెంటులో ఉన్నాయి.

టెంటును తక్కువ చేయడం లేదు. ఫ్యాక్టరీ కోసం వామపక్ష సంఘాలు, కార్మికులు, రైతులు కలిసి ధర్నాలు చేశారు, పాదయాత్రలు చేశారు, కోర్టుకూ వెళ్లారు. వాళ్లు లేకపోతే ఈ పాటికి ఫ్యాక్టరీ పేరు కూడా వినపడేది కాదు. కానీ ప్రతిసారీ ఉద్యమం ఒక నాయకుడి మాట దగ్గరే ఆగింది. 2014లో కె.చంద్రశేఖర్ రావు అధికారంలోకొస్తే వంద రోజుల్లో స్వాధీనం చేసుకుంటామన్నారు. తర్వాత రైతులు ముందుకొస్తే మహారాష్ట్ర తరహాలో సహకార పద్ధతిన నడుపుదామన్నారు. ఆయన హయాంలోనే తాళం పడింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ తెరుస్తామంది. 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. కమిటీ మంచిదే. కాకపోతే మన చేతికి రావలసింది కమిటీ పేరు కాదు, కమిటీ ఏం తేల్చిందో ఆ కాగితం.

పసుపు సంగతి ఇంకా ముక్కుసూటి పాఠం. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. వాళ్లలో నూటడెబ్బైకి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు. ఈవీఎంలు చాలక ఎన్నికల సంఘం ప్రత్యేక ఏర్పాట్లు చేయాల్సి వచ్చింది. పార్టీ జెండా లేకుండా, సొంత డిపాజిట్ డబ్బు కట్టి, దేశం మొత్తాన్ని ఆర్మూరు వైపు తిప్పారు. ఈ రాష్ట్రంలో ఇటీవలి కాలంలో ఇంత గట్టి పౌర చర్య ఇంకోటి చూపించమంటే నేను చూపించలేను. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు రాశారు, గెలిచారు. బోర్డు ప్రకటన 2023 అక్టోబర్‌లో వచ్చింది, ప్రారంభం 2025 జనవరిలో జరిగింది. బోర్డు రావడం గెలుపే. కానీ రైతులు బోర్డుతోపాటు అడిగింది మద్దతు ధర, అది ఇప్పటికీ లేదు. బాండు పేపరు అమలయిందా లేదా అని నెలనెలా లెక్క అడగాల్సిన ఆ నూటడెబ్బై మంది కూటమి ఎక్కడ? ఫలితాలు రాగానే ఎవరి చేనికి వాళ్లు పోయారు. చెకోస్లొవేకియాలోనూ ఇంతే. 1990 ఎన్నికల్లో గెలిచిన పౌర వేదిక 1991 రాగానే ముక్కలయింది, ఆ ఖాళీలోనే కూపన్ల బండి దూసుకుపోయింది.

ఇప్పుడు అసలు తొందర ఏమిటో చెబుతాను.

ఫ్యాక్టరీ తెరవాలంటే చెరుకు కావాలి. లెక్క కష్టమేమీ కాదు. రోజుకు 2,500 టన్నులు ఆడే మామూలు సైజు మిల్లు 120 రోజులు నడవాలంటే 3 లక్షల టన్నుల చెరుకు ఉండాలి. ఎకరాకు 30 టన్నులు వేసుకుంటే పదివేల ఎకరాలు. ఇవాళ బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని వైపు ఆ పొలాల్లో వరి ఉంది. చెరుకు చేతికి రావడానికి దాదాపు ఏడాది. అంటే మిల్లు తెరవకముందే రైతు ఏడాది పంటను పణంగా పెట్టాలి. మిల్లు చెప్పిన తేదీకి తెరవకపోతే? చెరుకు కామారెడ్డి వైపు మిల్లులకు మోయాలి, లేదా బెల్లం వండాలి, లేదా చేనులోనే ఎండబెట్టాలి. నష్టం మొదట పడేది రైతు మీదే. ప్రకటన చేసినవాళ్ల మీద ఒక్క రూపాయి పడదు.

అందుకే చెరుకు నాటమని అడిగేవాళ్లను ముందు ఒప్పందం అడగండి. మిల్లు తేదీ తప్పితే ఎకరాకు ఎంత కట్టిస్తారు? రవాణా ఎవరిది? 1966 చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరుకు దించిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ఈ నిబంధన ఉందని తెలిసిన రైతులు తక్కువ, వడ్డీ అందుకున్నవాళ్లు ఇంకా తక్కువ. ఈ రోజుల్లో వట్టి చక్కెర అమ్మి ఏ మిల్లూ నిలబడదు. ఇథనాల్, కరెంటు తోడు కావాలి. ఇథనాల్ మీద కేంద్రం నిబంధనలు ఎప్పుడు మారతాయో తెలియదు. 2023 డిసెంబర్‌లో చెరుకు రసం నుంచి ఇథనాల్ తీయడాన్ని ఒక్క ఉత్తర్వుతో ఆపారు, తర్వాత సడలించారు. కాబట్టి కొత్త ఫ్యాక్టరీకి ఏ యంత్రాలు పెడతారో, ఆ ఆదాయంలో చెరుకు ధరకు ఎంత కలుస్తుందో నాటకముందే తేలాలి.

కార్మికులకు వేరే హెచ్చరిక ఉంది. ఈ కంపెనీ వ్యవహారం లిక్విడేషన్ దారిలోనే ముగిస్తే, 2016 దివాలా చట్టం 53వ సెక్షన్ వరస చెబుతుంది. కార్మికుల బకాయిల్లో ఆఖరి 24 నెలలవి మాత్రమే బ్యాంకులతో సమానంగా ముందు వరసలో ఉంటాయి. అంతకు ముందువి కిందికి జారతాయి. చెరుకు బాకీలు రావలసిన రైతులూ అక్కడే, ప్రభుత్వానికి రావలసినవి తీరాక. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల్లో జమ కావలసిన సొమ్మును ఆ వరసలో కలపకూడదని అదే చట్టం 36వ సెక్షన్ అంటోంది. ప్రభుత్వమే బ్యాంకులతో సెటిల్ చేసుకుని తీసుకుంటే దారి వేరు, అప్పుడు కార్మికుల బకాయి ఒప్పందంలో రాయించుకోవాలి. ఏ దారైనా జీతం చీటీ, హాజరు పుస్తకం నకలు, పీఎఫ్ నంబరు లేని మనిషి పక్కన నిలబడాల్సి వస్తుంది. చాలామంది కార్మికులు పెద్దవాళ్లయ్యారు, కొందరు పోయారు. వాళ్ల ఇళ్లలో పెట్టెలు తెరిచి కాగితాలు వెతకాల్సింది ఈ నెలలోనే.

ఇంకొక భయం భూమి. ఫ్యాక్టరీకి సొంత క్షేత్రాలుగా ఉన్న వేల ఎకరాల్లో ఎంత మిగిలింది, ఎవరి పేర ఉంది, ఎంత కుదువ పెట్టారు? హైదరాబాద్ రోడ్డు మీద ప్లాట్ల ధర తెలిసిన ఎవరికైనా పాత యంత్రాలకన్నా కింద ఉన్న నేలే ముద్దు. యంత్రాలకు కొత్త రంగు వేసి, భూమిని పక్కకు తప్పించే ఏర్పాటు ఏ పార్టీ హయాంలో జరిగినా అడ్డుకోవాలి. దానికి ముందు సర్వే నంబర్ల జాబితా మన దగ్గర ఉండాలి.

సహకార సంఘం పెడితే అన్నీ తీరిపోతాయి అనేవాళ్లున్నారు. 1950లో మహారాష్ట్ర ప్రవరానగర్‌లో విఠల్‌రావ్ విఖే పాటిల్, ధనంజయరావ్ గాడ్గిల్ నడిపిన మిల్లు చూసి మనవాళ్లూ ఆశపడ్డారు. నిజమే, అది రైతులు కట్టుకున్న మిల్లు. కానీ అదే మహారాష్ట్రలో తర్వాత ఎన్నో సహకార మిల్లులు అప్పుల్లో మునిగి, వాటిని నడిపిన నాయకుల మనుషులకే చవగ్గా అమ్ముడయ్యాయన్న కేసులు కోర్టులకెక్కాయి. అంత దూరం ఎందుకు, నిజామాబాద్ పక్కనే సారంగాపూర్ సహకార చక్కెర కర్మాగారం ఏళ్లుగా మూతపడి ఉంది. సహకారం అని బోర్డు రాస్తే సరిపోదు. సభ్యుడు ఏడాదికోసారి లెక్క పుస్తకం తెరిపించకపోతే అది కూడా ఇంకో 49 శాతమే.

అడగడం చేతకాదని మాత్రం ఎవరూ అనొద్దు. పక్కన నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లు రోడ్డెక్కాయి, ప్రభుత్వం పనులు ఆపింది. కావాలన్న ఫ్యాక్టరీని కావలసినట్టు తెచ్చుకోవడానికి దానికంటే ఎక్కువ ఓపిక కావాలి, ఎక్కువ కాగితం కావాలి.

ఇక్కడే డిచ్‌పల్లి పని ఉంది. 2006లో పెట్టిన అక్కడి తెలంగాణ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఉంది, న్యాయ కళాశాల ఉంది. జిల్లాకు ఇంత దగ్గరి, ఇంత పెద్ద ఆర్థిక ప్రశ్న ఇంకోటి లేదు. బోధన్ ఫ్యాక్టరీ మీద 2002 నుంచి ఇప్పటిదాకా వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వులు, బ్యాలెన్స్ షీట్లు, ట్రిబ్యునల్ ఆదేశాలు, భూమి రికార్డులు ఒకచోట చేర్చి తెలుగులో అందరూ చదివేలా పెట్టడం విద్యార్థులకు ఒక సెమిస్టర్ పని. పార్టీల విద్యార్థి సంఘాలు ఎవరి జెండా వాళ్లు పట్టుకున్నా ఈ ఒక్క పనికి కలవొచ్చు.

మిగతావాళ్లం పది రూపాయలతో మొదలుపెట్టొచ్చు. సమాచార హక్కు చట్టం కింద పరిశ్రమల శాఖకు ఒక్కో దరఖాస్తు పంపండి. కమిటీ నివేదిక నకలు, కంపెనీతో ప్రభుత్వానికి ఉన్న ఒప్పందం, 49 శాతం వాటా తరఫున బోర్డులో కూర్చున్నవాళ్ల పేర్లు, భూముల జాబితా, కొత్త ప్రతిపాదనలో రైతు, కార్మిక ప్రతినిధులకు ఎన్ని స్థానాలు అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు. బోధన్ నుంచి ఒకటి వస్తే ఫైల్లో పెడతారు. డిచ్‌పల్లి, ఆర్మూరు, వర్ని, ఎడపల్లి నుంచి వందలు వస్తే ఫైలు కదులుతుంది. వచ్చిన జవాబులను వచ్చే గ్రామసభలో పైకి చదివించండి. అంతవరకు చెరుకు ముక్క, సంతకం రెండూ మీ దగ్గరే ఉంచుకోండి.